మద్దిచెక్క పథ్యం

ఎనభైల మొదట్లో, నేను నంద్యాలలో జువాలజీ చదువుతున్న రోజుల్లో, నాయనకు గుండెనొప్పి వచ్చింది. నంద్యాల డాక్టరు మాత్రలు రాసి, రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటోందని, బీడీ మానకపోతే మనిషి దక్కడని తెగేసి చెప్పాడు. నాయన మాత్రలు బుద్ధిగా మింగేవాడు. బీడీ మాత్రం వదల్లేదు. ఆళ్లగడ్డలో మా అరుగు మీద ఆ పొగ చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది.

ఆ పొరను చూపిస్తే భయపడతాడేమోనని, ఒక ఆదివారం కూరకు తెచ్చిన పొట్టేలు గుండెకు అంటుకుని ఉన్న లావుపాటి నాళాన్ని కత్తితో చీల్చాను. చూపించాల్సిన నేనే చూస్తూ ఉండిపోయాను. బయటంతా కొవ్వు, పీచు. లోపల తడి మెరుపు, వేలు పెడితే జారిపోయేంత నునుపు. పుట్టినప్పటి నుంచి నెత్తురు పారుతూనే ఉన్నా ఎక్కడా గీత లేదు. ఇంత పలచటి పొర మీదా మన ప్రాణం నడిచేది అనుకున్నాను.

"చూడు నాయనా, నీ పొగ చెడగొట్టేది దీన్నే" అన్నాను.

"బాగుండాది గానీ, కూరలో ఎయ్యి" అన్నాడు.

అమ్మ రుద్రవరం వైపు నుంచి, గుండెకు మంచిదని తెల్లమద్ది చెట్టు చెక్క తెప్పించి, పాలల్లో కాచి పొద్దున్నే గ్లాసు చేతికిచ్చింది.

"మాత్రలు మాత్రలే. దీనికి పథ్యముండాది. బీడీ ముట్టినావంటే మందు వికటిస్తాది."

మా వైపు ఎంత మొండి మనిషైనా పథ్యం తప్పడు. నాయన ఆ రోజే బీడీల కట్ట అటకెక్కించాడు.

"ఇంకెన్నాళ్లే ఈ పథ్యం?" అని అప్పుడప్పుడు గొణిగేవాడు.

"లోపల పనిచేస్తాంది. ఇప్పుడిడిస్తే తాగిందంతా వృథా" అనేది అమ్మ.

ఏళ్లు గడిచాయి. నాయన ఆయాసం తగ్గి, చేను దాకా నడిచిపోతున్నాడు. మద్దిచెక్కలోని పదార్థాలు నాళాల లోపలి పొరను కాపాడవచ్చని ఎక్కడో చదివి, నేను సంబరంగా అమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఆమె కషాయం వడకడుతోంది.

"అమ్మా, దీనికి బీడీ పథ్యమని నీకెవరు చెప్పినారు?"

"ఎవురూ చెప్పలేదు. మీ నాయన డాక్టరు మాట ఇనడు, నీ మాట ఇనడు, నా మాట అసలే ఇనడు. పథ్యమంటే ఇంటాడు."

ఆ నాళం లోపలి మెరుపును చూసినట్టే అమ్మను చూశాను. "మరి పనిచేసింది చెక్కా, పథ్యమా?" అని అడిగాను.

అమ్మ గ్లాసు నింపుతూ తలుపు వైపు చూసింది.

"మెల్లగ మాట్లాడు. మీ నాయన అరుగు మీదే ఉండాడు."