ఖాళీ విస్తరాకు చూసి ఆర్మూర్ దాకా

చిన్న సినిమాలు తీసిన ఊళ్లకు వెళ్లి, ఆ ఇళ్లూ వీధులూ చూసి రావడం నాకు కొన్నేళ్లుగా అలవాటు. ఈసారి ఆర్మూర్ వెళ్లడానికి కారణం ఒక విస్తరాకు. చలికాలంలో యూట్యూబ్‌లో ఒక భయానక సినిమా చూశాను. గంటకు కాస్త పైన ఉంటుంది. ఒక పసుపు రైతు ఇంట్లో పాప పుట్టువెంట్రుకలకు చుట్టాలంతా కలుస్తారు. చీకటి పడ్డాక కరెంటు పోతుంది. ముఖాలకు పసుపు పూసుకున్న ముగ్గురు మగవాళ్లు కల్లం దాటుకుని ఇంట్లోకి వచ్చి తలుపులు మూసేస్తారు. బంగారం అడగరు, డబ్బూ అడగరు. మీలో ఒకరిని బయటికి పంపండి, ఎవరినో మీరే చెప్పండి అంటారు. ఇంటి పెద్దకోడలు వేలెత్తి రెండో కోడలిని చూపిస్తుంది. ఎవరూ మాట్లాడరు. ఆ రెండో కోడలు ఒక్కొక్కరి ముఖం చూసి, కొంగు సర్దుకుని, తనే లేచి తలుపు వైపు నడుస్తుంది. చివరికి తెల్లవారుతుంది. వచ్చినవాళ్లు వెళ్లిపోయి ఉంటారు. ఇంట్లోవాళ్లు వరుసగా కూర్చుని అన్నం తింటుంటారు. మధ్యలో ఒక విస్తరి ముందు ఎవరూ ఉండరు. అందులోనూ అన్నం వడ్డించి ఉంటుంది. సినిమా అక్కడ ఆగిపోతుంది.

ఆ విస్తరి నన్ను చాలా రోజులు వదల్లేదు. చేతిలో డబ్బు లేకుండా సినిమా తీసిన మనిషికి ఇంత ఆలోచన ఎలా వచ్చిందో తెలుసుకోవాలనిపించింది. సినిమా కింద దర్శకుడి నంబరు ఉంటే ఫోన్ చేశాను. రాజేందర్ అని చెప్పుకుందాం. ఆర్మూర్‌లో పెళ్లిళ్లకు వీడియోలు తీస్తాడు. ఇల్లు తమదేననీ, నటించింది కూడా తమ ఇంటివాళ్లేననీ చెప్పాడు. "ఎప్పుడన్న రాండ్రి అక్కా, చూపిస్త" అన్నాడు. ఇక్కడ పేర్లన్నీ మార్చాను. సినిమా పేరు రాయడం లేదు. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

మార్చి మొదట్లో ఒక ఆదివారం కరీంనగర్‌లో ఆరున్నర ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాను. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా మూడు గంటల పైచిలుకు ప్రయాణం. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే టికెట్ ఉచితం, మగవాళ్లకు రెండు వందల లోపే అవుతుంది. మెట్‌పల్లి దాటాక కిటికీలోంచి వచ్చే వాసన మారుతుంది. ఈ కాలంలో పసుపు ఉడకబెట్టి ఆరబోస్తారు. రోడ్డు పక్కన ఖాళీ జాగా కనిపిస్తే చాలు, కొమ్ములు పరిచి ఉంటాయి. ఆర్మూర్‌లో దిగి ఒక ఆటోవాలాను ఆపి, సినిమా తీసిన ఇల్లు తెలుసా అని అడిగాను.

"తెల్వకేంది, ఎక్కుండ్రి" అన్నాడాయన. "మా పిల్లలు పొద్దుగూకితే గా గల్లీకి పోతలేరు. గంత భయపడ్డరు."

"మీరు చూసిండ్రా?"

"సగం చూసిన మేడం. గామె వేలు చూపిస్తది చూడు, గాడ బంద్ జేసిన. మంచిగనిపియ్యలే. మనింట్ల మనుషులు గట్ల జేస్తరా?"

ముందు రాజేందర్ దుకాణం దగ్గర దింపమన్నాను. పాత బస్టాండు వైపు మెట్లెక్కి వెళ్లాల్సిన చిన్న గది. గోడల నిండా పెళ్లి ఆల్బంల నమూనాలు. రాజేందర్‌కు ముప్పై అయిదేళ్లుంటాయి. నెమ్మదిగా మాట్లాడే మనిషి. చాయ్ తెప్పించి, తెచ్చిన కుర్రాడు వెళ్లాక కూర్చున్నాడు. నేను వచ్చినంత దూరం దాచుకున్న పొగడ్తంతా చెప్పేశాను. ఖాళీ విస్తరి దగ్గర సినిమా ఆపాలన్న ఆలోచన ఎలా వచ్చిందని అడిగాను.

"నా ఆలోచన కాదక్కా అది" అన్నాడు. "అందరు గదే అడుగుతరు. మా చిన్నొదినె రాలే. గంతే."

తర్వాత మొత్తం చెప్పాడు. వాళ్లు ముగ్గురు అన్నదమ్ములు. పెద్దన్న భార్య గంగామణి, రెండో అన్న భార్య సుజాత. సినిమాలోనూ వాళ్లు అవే వరుసల్లో ఉన్నారు. అనుకున్న కథలో రెండో కోడలు తెల్లవారుజామున క్షేమంగా తిరిగొస్తుంది, అందరితో కలిసి కూర్చుని అన్నం తింటుంది. ఆ చివరి షాటు మాత్రం వేరే రోజు పెట్టుకున్నారు. విస్తర్లు వేశారు, వడ్డించారు. సుజాత కోసం మధ్యాహ్నం దాకా చూశారు. రాకపోయేసరికి, వెలుతురు పోతుందని ఉన్నవాళ్లతోనే తీశాడు.

"గా వేలు చూపించే సీనుకు నేను మాటలు రాయలేదక్కా. మీకేం తోస్తే గదే అనుండ్రి అన్న. ఎవలో ఒకరు ఏడుస్తరు, మా పెద్దన్న నేను పోత అంటడు, గట్ల అనుకున్న. పెద్దొదినె వేలు లేపింది. అందరు గమ్మునున్నరు. నేను కట్ అనాలె. అనలే. కెమెరా చిన్నొదినె మొఖం దిక్కు తిప్పిన."

"తర్వాత?"

"కట్ అన్నంక అందరు నవ్విండ్రు. ఆమె గుడ నవ్వింది. చాయ్ గుడ ఆమెనే పెట్టింది. వారం దినాలకు మా అన్నకు వేల్పూర్ల గోదాం పని దగ్గరయితదని ఆడ ఇల్లు కిరాయికి తీసుకున్నరు. గప్పటి సంది ఇంట్ల అందరం ఒక్కదిక్కు కూసొని తిన్నది లేదు."

ఆ ముక్క తీసేయాలనిపించలేదా అని అడిగాను. "శానసార్లు తీసిన. మళ్ల పెట్టిన. సిన్మల గంతకన్న మంచిది ఏం లేదక్కా. గదే నన్ను పట్టుకున్నది" అన్నాడు. అతని ముఖంలో గర్వమూ బాధా ఒకేసారి కనిపించాయి. నేను ఇంత దూరం వచ్చింది కూడా ఆ ముక్క బాగుందనే కదా.

ఇల్లు ఊరి చివర, నల్లటి బండరాళ్ల గుట్ట వైపు. బండి మీద రాజేందరే తీసుకెళ్లాడు. ముందు కల్లమంతా పసుపు. సినిమాలో ఆ ముగ్గురు దాటుకుంటూ వచ్చింది దీన్నే. పగటి వెలుతురులో అక్కడ భయపెట్టేది ఏమీ లేదు. ఇద్దరు ఆడవాళ్లు కొమ్ములు తిరగేస్తున్నారు. అందులో ఒకరు గంగామణి. యాభై దాటిన మనిషి, బలమైన చేతులు. నన్ను చూసి చేతులు దులుపుకుని వచ్చింది. రాజేందర్‌కు ఏదో పెళ్లి పనుంటే మమ్మల్ని వదిలి వెళ్లాడు.

"ముందు తిను బిడ్డ, తర్వాత అడుగుదువు" అంది. జొన్నరొట్టె, వంకాయ కూర, పచ్చిపులుసు పెట్టింది. సినిమాలో అందరూ భయంతో ముడుచుకుని కూర్చున్న గది అదే. గోడకు అదే క్యాలెండర్ మేకు, అదే నీలం రంగు తలుపు. నేను తింటుంటే ఆమె గడప మీద కూర్చుంది.

"నువ్వు గుడ గా వేలు సంగతి అడుగుతానికే వచ్చినవా?" అంది నెమ్మదిగా. "పెండ్లికి పోతె గుడ అడుగుతరు. నవ్వుకుంట అడుగుతరు."

నేను రొట్టె తుంచడం ఆపేశాను. ఆమె తనే చెప్పింది. "ఎవల దిక్కు చూపియ్యాలె, నువ్వే చెప్పు. కన్నబిడ్డ దిక్కు చూపిస్తనా? మా ఆయన దిక్కు చూపిస్తనా? సుజాత అయితే ఏమనుకోదు. ఇంట్ల ఏ పనున్నా దాన్నే పిలుస్తుంటి. కోపమొస్తె దాన్నే తిడుతుంటి. మనసుల మాటున్నా దానికే చెప్తుంటి. గా ధైర్యం తోటే వేలు లేసింది."

"ఈ మాట ఆమెకు చెప్పిండ్రా పెద్దమ్మా?"

"ఎట్ల చెప్పాలె బిడ్డ? సిన్మల చేసినదానికి మాఫీ అడిగితె, నిజంగనే అన్నట్టయితది గద." నా పళ్లెం వైపు చూసి, "అది పోయినప్పటి సంది నాకు మాట్లాడుతానికి మనిషి లేదు" అంది. లేచి నా పళ్లెంలో ఇంకో రొట్టె వేసింది. వద్దన్నా వినలేదు.

వేల్పూర్ వెళ్లి సుజాతను కలవమని రాజేందరే దుకాణంలో చెప్పాడు. అతనితో ఆమె మాట్లాడుతూనే ఉంది. "సిన్మ చూసి ఎవలన్న వస్తే సంబురపడ్తది" అని నంబరు ఇచ్చాడు. మూడింటికి బయల్దేరాను. ఆర్మూర్ నుంచి వేల్పూర్‌కు షేరాటోలు నడుస్తాయి, ముప్పై రూపాయలు తీసుకున్నారు. అరగంట కూడా పట్టదు. నాకు తిరుగు బస్సు కూడా అటువైపే కాబట్టి దారి కలిసొచ్చింది.

రెండు గదుల అద్దె ఇల్లు. తలుపు దగ్గర కుట్టు మిషను, పక్కన మడత పెట్టిన జాకెట్లు. సుజాతకు నలభై ఉంటాయి. భర్త పని మీద వెళ్లాడట. ఇంట్లోకి పిలిచి కుర్చీ వేసి, నేను నీళ్లు తాగేదాకా ఆగి అడిగింది.

"మంచిగ చేసిన్నా అక్కా?"

చాలా బాగా చేశారన్నాను. ఆమె నిజంగానే సంతోషించింది. నన్ను ఇంతసేపు వెంటాడిన ముఖం ఇదేనా అనిపించింది. నవ్వితే వేరే మనిషిలా ఉంది. రెండు ఊళ్ల అవతల వాళ్లమ్మ ఫోన్‌లో ఆ సినిమా పదేపదే చూస్తుందట. "నేను మంచిగ కనిపిస్తున్ననట అండ్ల" అంది. జాకెట్ ఒకటి తీసుకుని, మిగిలిన దారాలు కత్తిరిస్తూ మాట్లాడింది.

"అందరు గంగామణక్క వేలు చూపించిందని నాకు కోపమనుకుంటరు. కోపం లేదు. గా వేలు లేసినంక ఇంట్ల ఒక్కరన్న 'ఆమెనెందుకు' అనలే అక్కా. మా ఆయన నా పక్కకే కూసున్నడు. తర్వాత అడిగితే, రాజేందర్ నాకు మాటలేం చెప్పలేదు గద అన్నడు. మరి లేసి పొమ్మని నాకెవలు చెప్పిండ్రు?"

చివరి షాటు రోజు ఆమె వేల్పూర్ నుంచి బయల్దేరిందట. ఆర్మూర్ బస్టాండు దాకా వచ్చిందట. "తిరిగి ఇంట్లకొచ్చి, ఏం కానట్టు అందరి నడుమ కూసొని అన్నం తినాలె. గదొక్కటి నాతోటి కాలే. అక్కడనే జర సేపు కూసొని వచ్చిన."

గంగామణి మాట చెప్పాలా వద్దా అని లోపల తన్నుకులాడాను. చెప్పమని ఆమె అడగలేదు, వద్దనీ అనలేదు. చివరికి చెప్పేశాను. సుజాత ఏమనుకోదనే ధైర్యంతోనే చెయ్యి లేచిందట అన్నాను. ఆ మాట ఓదారుస్తుందనే అనుకున్నాను.

సుజాత కత్తెర పక్కన పెట్టింది. "గది నాకెరుకే అక్కా. సుజాత ఏమనుకోదు. ఇంట్ల అందరికి గదే ఎరుక. గందుకే ఎవలు నోరు మెదపలే" అంది.

సినిమా తీసేయమని రాజేందర్‌కు చెప్పనా అన్నాను. వద్దంది, మా అమ్మ ఏం చూస్తది అంది. గంగామణికి ఏమైనా చెప్పమంటారా అని అడిగాను. ఆమె నా వైపు చాలాసేపు చూసింది. నోటిదాకా ఏదో వచ్చినట్టే అనిపించింది. "మీరు కరీంనగర్ దిక్కు పోతున్నరు గద" అని, చాయ్ పెట్టడానికి లేచింది. ఆర్మూర్ అరగంట దూరమే. వెనక్కి వెళ్తానని అనొచ్చు. చీకటి పడుతుందనీ, మర్నాడు ఉద్యోగమనీ లెక్కలు వేసుకుని అనలేదు. రోడ్డు మీదికి వచ్చి, అయిదున్నర దాటాక వచ్చిన బస్సెక్కాను.

ఏప్రిల్‌లో రాజేందర్ ఫోన్ చేశాడు. పసుపు అమ్మడం అయిపోయాక గంగామణి ఎవరికీ చెప్పకుండా ఒక్కతే ఆటో మాట్లాడుకుని వేల్పూర్ వెళ్లిందట. "మస్తు మాట్లాడుకున్నరట అక్కా. ఈసారి పసుపుకు పలికిన ధర, చిన్నొదినె కొన్న ఫ్యాను, ఎవలింట్ల పెండ్లి ఉన్నది, గన్ని ముచ్చట్లు" అన్నాడు.

"ఆ సంగతి?"

"ఎవలు తియ్యలేదట."

"అన్నం తిన్నదా పెద్దమ్మ?"

"చాయ్ తాగిందట. ఆటో ఆగి ఉన్నదని లేసిందట" అన్నాడు. మంచిగనే అయిందని ఇద్దరు వదినెలూ అతనికి వేరువేరుగా చెప్పారట.

ఆ సినిమాను నేను మళ్లీ చూడలేకపోయాను. ఒక మనిషిని తీసుకుపోవడానికి బయటివాళ్లు ముగ్గురు వచ్చినట్టు రాజేందర్ కథ రాసుకున్నాడు. ఆ ముగ్గురూ అతని స్నేహితులే, పసుపు కడుక్కుని అదే ఇంట్లో చాయ్ తాగి వెళ్లిపోయారు. మనిషి మాత్రం నిజంగానే పోయింది. ఇంటివాళ్లలో ఎవరికీ ఆమె మీద చెడ్డ ఉద్దేశం లేదు, ఆమెకూ వాళ్ల మీద లేదు. ఒకరి నుంచి ఒకరికి చేరాల్సినవి రెండు మాటలే. ఒకటి నేను మోసుకెళ్లాను. రెండోదాన్ని తీసుకోవడానికి నాకు తీరిక లేకపోయింది.

అటు వెళ్లేవాళ్లకు ఒక్క సూచన. కరీంనగర్ నుంచి వస్తుంటే ఆర్మూర్ కంటే ముందు తగిలేది వేల్పూర్ దారే. ఎక్స్‌ప్రెస్‌లు అక్కడ ఆగుతాయన్న నమ్మకం లేదు, కాబట్టి పొద్దున మెట్‌పల్లిలో దిగి ఆర్డినరీ బస్సెక్కండి. ముందు వేల్పూర్‌లో దిగి, ఆర్మూర్‌ను రెండోదిగా పెట్టుకోండి. అక్కడ ఎవరైనా ఏదైనా చెప్పి పంపితే, ఆర్మూర్ ఇంకా మీ ముందే ఉంటుంది.