"చనిపోయింది"కి బదులు మరో మాట

నాకు జీతమిచ్చే వెబ్‌సైట్‌లో నా పని మాంగాల మీద, అంటే జపాన్ బొమ్మల కథల మీద, వచ్చిన సమీక్షలను తిరగరాయడం. భావం కదలకూడదు, మాటలు మారాలి. ఎవరో రాసిన "అద్భుతం"ను నేను "అమోఘం" చేస్తాను. మాట మారకపోతే సాఫ్ట్‌వేర్ దాని కింద ఎర్ర గీత గీస్తుంది. దీన్ని దొంగతనం అనరు, కంటెంట్ అంటారు.

నాకు నిఘంటువు అక్కర్లేదు. నాన్నగారు రాజమండ్రి హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. పుట్టింది పురోహితుల ఇంట. మా ఇంట్లో బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. దీపం ఆరదు, కొండెక్కుతుంది. గడప దాటేవాళ్ళెవరూ వెళ్ళరు, వెళ్ళొస్తారు. అలాంటి ఇంట్లో పోయినేడు అమ్మ గుండెపోటుతో చనిపోయింది. కర్మకాండ అంతా నాన్నగారు ఒక్క మంత్రం తప్పకుండా జరిపించారు గానీ, ఆ మాట మాత్రం ఇంతవరకూ అనలేదు. ఎవరైనా ఫోన్ చేసి అమ్మను అడిగితే "ఆవిడ లేరండి" అంటారు. "అయితే సాయంత్రం చేస్తానండి" అంటారు అవతలివాళ్ళు. "అలాగేనండి" అంటారు ఈయన. సాయంత్రం ఆ ఫోన్ నేను తీస్తాను.

అమ్మ పోయిందన్న సంగతి ఇంట్లో నాకొక్కదానికే తెలిసినట్టుండేది. ఏడవాలన్నా తోడు లేదు. ఆయన నోట ఒక్కసారి ఆ మాట వస్తే చాలు, ఇద్దరం కూర్చుని ఏడవొచ్చని నా ఆశ.

ఆ రోజు నాకు వచ్చిన సమీక్ష ఒక మాంగా నాలుగో సంపుటి మీద. మూడు సంపుటాల పాటు కత్తి తిప్పిన కుర్రాడు ఇందులో ఇంటికి వచ్చేసరికి తల్లి చనిపోయి ఉంటుంది. నాన్నగారు పేపరు చదువుతున్నారు. ముందు మామూలు మాటలు అడిగాను. పోరాటానికి సమరం, ఇంటికి గృహం అని చెప్పారు. అప్పుడు, కావాలనే, "చనిపోయింది అన్నదానికి ఏం రాయమంటారు నాన్నగారూ?" అన్నాను.

పేపరు దించలేదు. "వాళ్ళు శైవులా, వైష్ణవులా?"

"జపాన్ వాళ్ళండి."

"అది దేశం. నేనడిగింది మతం. శైవులైతే శివైక్యం, వైష్ణవులైతే పరమపదం. ఏదో ఒకటి రాసేస్తే ఎలాగ?"

"బౌద్ధులేమోనండి."

"అయితే నిర్వాణం అను."

రాశాను. "రక్తసిక్త ఖడ్గంతో తనయుడు గృహానికి విచ్చేసేసరికి మాతృమూర్తి నిర్వాణము పొందియుండెను." ఎర్ర గీత ఒక్కటీ పడలేదు. అరగంటలో హైదరాబాద్ నుంచి ఎడిటర్ మెసేజ్ పెట్టాడు. "మేడమ్, ఇంతకీ వాళ్ళమ్మ చనిపోయిందా, లేదా? రీడర్స్‌కి అర్థం కావట్లేదు."

దాన్ని పైకి చదివి వినిపించాను. నాన్నగారు పేపరు మడిచి పక్కన పెట్టారు.

"ఏదీ, ఆ బొమ్మ చూపించు."

సమీక్షతో పాటు వచ్చిన ఆ పేజీ తెరిచి ఫోన్ ఇచ్చాను. గుమ్మంలో కుర్రాడు నిలబడి ఉన్నాడు. లోపల చాప పరిచి ఉంది, చాప మీద ఎవరూ లేరు. ఆ పేజీలో మాటలు లేవు. నాన్నగారు బొమ్మ పెద్దది చేయబోతే పేజీ తిరిగిపోయింది. మళ్ళీ వెనక్కి తెప్పించుకుని చాలాసేపు చూశారు.

"చనిపోయిందనే రాయమ్మా," అన్నారు. "వీడు ఇంట్లో లేనప్పుడు చనిపోయింది. మీ అమ్మా అంతే కదా. నేను రావులపాలెంలో వ్రతానికని అరటిగెల బేరమాడుతుంటే చనిపోయింది."

ఏడాదిగా నేను ఎదురుచూసిన మాట అది. తీరా విన్నాక, అనకపోయినా బాగుండేదనిపించింది.

"పోయేముందు నా గురించి ఏమైనా అడిగిందా?" అన్నారు. ఆ ప్రశ్న కూడా ఏడాదిగా లోపలే ఉన్నట్టుంది.

"అడిగింది నాన్నగారూ. గెల మరీ మగ్గింది తేవద్దని మీకు ఫోన్ చెయ్యమంది. నేను నంబరు నొక్కేలోపే..."

"పచ్చిదే తీసుకున్నానమ్మా," అంటూ నాన్నగారు ఏడ్చేశారు. నేనూ ఏడ్చాను. "నొక్కి చూసి మరీ తీసుకున్నాను. మీ అమ్మకి చూపించనేలేదు."