కటింగ్ ప్లేయర్ గాట్లు

"నా బిడ్డలెక్కే బండిరా అది! నీది చెయ్యా, సుత్తా?" ఉదయగిరిలో బస్సెక్కి మెకానిక్‌ని ఫోన్లో తిట్టాను. మా పాత కారు బ్రేకుల్లో గాలి తీసే స్క్రూ అతను స్పానర్ వేయగానే విరిగి, సగం లోపలే ఇరుక్కుపోయింది. ఆత్మకూరులో లేత్ మిషన్ మీద తీయించాలని ఆ బ్రేకు భాగాన్నే ఊడదీయించి సంచిలో తీసుకెళ్తున్నాను.

ఫోన్ పెట్టేశాక పక్కసీటు పెద్దాయన చెయ్యి చాపాడు. గోళ్ల సందుల్లో గ్రీజు. "ఇరిగిన తల ఉండాదా?" ఇచ్చాను. కిటికీ దగ్గర తిప్పి చూసి ఆయనా మండిపడ్డాడు.

"ఏందిది! అంచులన్నీ గుండ్రంగా అరిగిపోయినాయి. ఎవుడో ముందే కటింగ్ ప్లేయర్ పెట్టి పీకినాడు, గాట్లు చూడు. డీజిల్ పోసి ఒక పూట ఆగుంటే తుప్పు వదిలి స్పానర్‌కే వచ్చుండేది. ఎవుడబ్బయ్యా ఈ పని చేసింది?"

నేనే. పోయిన నెల, ఈమాత్రం నాకు రాదా అని, ఇంటిముందు కూర్చుని బలంకొద్దీ తిప్పాను. రాకపోతే తిట్టుకుంటూ వదిలేశాను.

"ఇంకెవడు? ఆ మెకానికే," అన్నాను. గొంతు తగ్గించలేదు.

దుత్తలూరులో దిగబోతూ ఆయన ఆ ముక్కను నా అరచేతిలో పెట్టి, వేళ్లు మూశాడు. "వాడి చేతికి మళ్లా బండి ఇయ్యబాక. బిడ్డలెక్కే బండి."

ఆత్మకూరు దాకా ఆ పిడికిలి విప్పలేదు.

ఆ మెకానిక్ ముఖం చూడలేక ఇప్పుడు బండి వేరేచోట చేయిస్తున్నాను. నాకింకా కోపం తగ్గలేదని అతను అనుకుంటున్నాడట.