బాపు పనికి ఏం పేరు రాయాలి

నా చిన్నప్పుడు ఒక ఏడాదంతా మా బాపును చూస్తేనే నాకు ఒళ్లు మండేది. తెలంగాణ నుంచి బతకడానికి వచ్చి సూరత్‌లో, బమ్రోలి అనే పేటలో ఉండేవాళ్లం. బాపు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసేవాడు. సాంచాను తిప్పే పట్టాలో పడి కుడిచేతి వేళ్లు రెండు పోయాక సేఠ్ మళ్లీ పనిలోకి రానివ్వలేదు. అమ్మ చీరలు మడతపెట్టే పనికి కుదిరింది. ఇల్లు బాపు మీద పడింది.

ఆయన రొట్టెలు చేయడం నేర్చుకున్నాడు. నీళ్లు పట్టాడు, బట్టలు ఉతికాడు, తమ్ముడికి జ్వరమొస్తే ఒళ్లో వేసుకుని కూర్చున్నాడు. నల్లా దగ్గర ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. గల్లీలో మగవాళ్లు ఆయన్ని 'భాభీ', అంటే వదినా, అని పిలిచేవాళ్లు. ఆ పిలుపు వినలేక నేను బడి నుంచి వేరే గల్లీలోంచి తిరిగి వచ్చేదాన్ని. జడ వేస్తానని ఆయన దగ్గరికొస్తే ఒకసారి, "నువ్వేమన్న ఆడదానివా?" అన్నాను. దువ్వెన అక్కడే పెట్టి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయాడు.

ఒక ఆదివారం మా తెలుగు బడి సారు కాగితాలు నింపడానికి ఇంటికొచ్చాడు. తండ్రి ఏం పని చేస్తాడన్న చోట కలం ఆగింది. బాపు పొయ్యి దగ్గరే ఉన్నాడు. నేను గబుక్కున "సాంచాల మీద" అన్నాను. సారుకు సంగతి తెలుసు. గృహిణి అని మగవాడికి రాయలేను, గృహస్థు అంటే పెళ్లయిన ఎవరైనా అవుతాడు, ఏదైనా మంచి మాట వెతకాలి, పాపం ఆయన గౌరవం పోకూడదు కదా అన్నాడు.

బట్టలు పిండుతున్న అమ్మ లేచి వచ్చింది.

"జర ఆగున్రి సారూ. పోయినేడు నా పేరు పక్కన ఏం రాసిండ్రు?"

సారు సంచిలోంచి పాత కాగితం తీశాడు. 'ఏమీ లేదు' అని ఉంది.

"గప్పుడు గీ పనులన్నీ నేనే చేసిన. నాకోసం మంచి మాట ఎవ్వలు దేవులాడలే. గీయనకే ఎందుకు?"

మీ ఆయన చెప్పిందే రాశానన్నాడు సారు. అమ్మ బాపు వైపు తిరిగింది. పెనం మీద రొట్టె మాడుతున్నా ఎవరూ తీయలేదు.

"అవు, నేనే చెప్పిన," అన్నాడు బాపు. "నాకూ గదే రాయున్రి సారూ."

"రాయొద్దు!" అమ్మ అరిచింది. "గది ఇద్దరికీ అబద్ధమే. ఇల్లు నడుపుతడు అని రాయున్రి. పాతదాంట్ల నాది కూడ కొట్టేసి గట్లనే రాయున్రి."

సారు విసుక్కుంటూనే రాశాడు. అమ్మకు చదువు రాదు. నన్ను పిలిచి రెండుసార్లు చదివించుకుంది. తర్వాత రెండు రోజులు బాపుతో మాట్లాడలేదు. గల్లీలో నవ్వులు కూడా ఆగలేదు.

నాకిప్పుడు అరవై దాటాయి. మొన్న ఎవరో వివరాలు రాసుకోవడానికి వస్తే, నా కోడలు తన గురించి "కుఛ్ నహీ కర్తీ", ఏమీ చేయను, అంది. వెంటనే కొట్టేయమని ఆ మనిషి మీద అరిచాను. అమ్మ గొంతులో ఆనాడు విన్న కోపం నాలో అలాగే ఉంది, అది పోవాలని నాకు లేదు. పోనిది ఇంకొకటి కూడా ఉంది. బాపు వింటుండగానే 'సాంచాల మీద' అని నేనాడిన ఆ అబద్ధం. ఆయన బతికున్నన్నాళ్లూ దాని గురించి నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు.