ఫైరింజన్ తాగిన మా బాయి

నాచారం అప్పటికింకా ఊరే. ఒకపక్క కంపెనీల పొగగొట్టాలు, ఇంకోపక్క జొన్నచేలు. ఎక్కడన్న అంటుకుంటే ఫైరింజన్ పట్నం నుంచి రావాలె. వచ్చేసరికి బూడిద కూడ చల్లారేది.

అందుకే నాలుగూళ్ళ సర్పంచులు కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నరు. నాలుగూళ్ళకు ఒకటే బండి, ఉప్పల్ కాడ ఉంటది. షెడ్డుకు, మనుషుల జీతాలకు కంపెనీలు కొంత, ఊళ్ళు కొంత ఇయ్యాలె. మా సర్పంచు చందా అడగనీకి వాకిట్లకొచ్చిండు.

"మాది పెంకుటిల్లు. గడ్డి కప్పుకున్నోళ్ళను అడుగుపో" అన్న.

"చందా లేకుంటె పాయె పెద్దమ్మా, మీ బాయినన్న రాసియ్యి. బండిల నీళ్ళు జరసేపట్లనే ఒడుస్తయట. మళ్ళ నింపుకోను ఊరికో బాయి చూపియ్యమన్నరు."

మా బాయి చుట్టూ గోడ కట్టించి, తలుపుకు తాళమేసుకున్న మనిషిని నేను. ఎండకాలం ఇంట్ల ఆరుగురికి, రెండు బర్లకు అదే ఆధారం. "నా బాయి మీద పడ్డదా మీ కన్ను?" అని సాగనంపిన.

ఆ ఎండకాలమే, పట్టపగలు, మా ఇంటెనుక కూలోళ్ళ తాటికమ్మల గుడిసెలు అంటుకున్నయి. ఒకదాని నిప్పు ఇంకోదానికి దుంకుతున్నది. బండి గంట కొట్టుకుంట మస్తు జల్దిన వచ్చింది. నీళ్ళు కొడుతుంటే మంట పడుకున్నట్టే పడుకున్నది. అంతల నీళ్ళొడిసినయి. సగం వరుస ఇంకా మిగిలే ఉన్నది. ఆ చివరి గుడిసె ముందర ఒక బాలింత పసిగుడ్డును ఒకరి చేతుల పెట్టి, బట్టల సందూక తెచ్చుకుంటనని లోపలికి ఉరుకుతుంటే ఇద్దరు పట్టుకున్నరు.

"బాయేదమ్మా?" అన్నడు బండాయన. అందరు నా దిక్కే చూసిన్రు.

తాళం తీసిన.

తలుపు ఇంటి దిక్కున్నది, బండి దిక్కు గోడ అడ్డం ఉండెనాయె, బండి దగ్గరికి రాలేదు. రోకలికి రెండింతల లావున్న పైపును గోడ మీదికెల్లి బాయిలకు ఇడిసిన్రు. జరసేపు గుంజి బండి దగ్గినట్టు చేసి ఆగింది. పైపు మూతికి నాచు చుట్టుకున్నది. నాచు రాకుండ మూతికి తొడిగే వెదురు తట్ట షెడ్డులనే మరిసొచ్చిన్రట. నేను కోళ్ళగంప లేపి ఇచ్చిన. కోడిపిల్లలు చెల్లాచెదురైనయి. పైపు మూతిని గంపల పెట్టి తాడుతోని బిగించిన్రు.

"పెద్దమ్మా, పైపులకెల్లి గుడ్లు వస్తయేమో!" అన్నడు బండాయన.

"వస్తె నాకియ్యి" అన్న.

నీళ్ళు దిగుతున్నయి. మావోళ్ళు చేద వేసినప్పుడు జానెడు దిగితేనే నేను గులుగుతుంటి. ఇప్పుడు నిలువు నిలువే దిగుతున్నయి. నేనెన్నడు చూడని రాళ్ళు బయటపడ్డయి. అడుగున బండ మీద గడ్డపార గీతలు, నిన్న కొట్టినట్టే ఉన్నయి. ఈ బాయి తవ్విన మా మామ చేతివి. ఆ మనిషి పోయి ఎన్నేండ్లో! అవతల మంటలు ఆరి అందరు కేకలేస్తున్నరు. నేను కండ్లార్పకుంట బాయిలకే చూస్తున్న. పైపు తీసినంక, బండ సందుల నుంచి దారమంత సన్నగ నీళ్ళు. ఊట! నా కాపురమంతా ఆ నీళ్ళే తాగిన, అవి ఎక్కడికెల్లి వస్తయో ఎన్నడు ఎరగను. చేతులు వాటంతటవే జోడించుకున్నయి.

మూడు దినాలు గుడిసెలోళ్ళే కంపెనీ నల్ల కాడికెల్లి మా ఇంటికి, బర్లకు నీళ్ళు మోసిన్రు. ఆ బాలింత గూడ రెండు బిందెలు మోసింది. వద్దన్నా ఇనలేదు. నాలుగోనాటికి బాయిల మోకాళ్ళ లోతు నిలిచినయి.

సర్పంచును పిలిపిచ్చిన. "మా బాయి రాసుకో. బండి దగ్గరిదాంక రావాలంటె ఈ పక్క గోడ ఉండొద్దు."

"మేస్త్రిని చూడాలె పెద్దమ్మా..." అని నసిగిండు.

మేస్త్రెందుకు? గడ్డపార తెచ్చి మొదటి ఇటుక నేనే ఊడబీకిన. గుడిసెల మొగోళ్ళు నలుగురు వచ్చి చెయ్యేసిన్రు. ఇటుకలు పగలకుండ తియ్యుండ్రి, బర్ల కొట్టానికి పనికొస్తయని పక్కనే నిలబడి పేర్పించిన.