కెజియా అత్త సొంత దిండు

మా కెజియా అత్త మాటలకు చప్పుడుండేది కాదు. ఇంగ్లండులోని మా నెల్సన్ ఊళ్లో నేతపనివాళ్లందరిదీ అదే సంగతి. షెడ్డులో వెయ్యి మగ్గాలు ఆడుతుంటే గొంతు ఎవరికి వినిపిస్తుంది? పెదాలు సాగదీసి మాట్లాడటం, పెదాలు చూసి అర్థం చేసుకోవడం మాకు పన్నెండో ఏటే వచ్చేసేది. అత్త నా పక్క మగ్గాల దగ్గరే ఉండేది. మేస్త్రీ వెనక్కి తిరగ్గానే ఆయన నడకా, గొణుగుడూ అచ్చంగా దింపేసేది. నవ్వాపుకోలేక నేనెన్ని పోగులు తెంపానో లెక్కలేదు.

ఆ వేషాలే ఆమెను ఆడవాళ్ల ఓటుహక్కు పోరాటంలోకి లాగాయి. మా నాన్న కోటు తొడుక్కుని, లోపల తన దిండు దోపుకుని, పొట్ట నిమురుకుంటూ సభల్లో పెద్దమనిషిలా మాట్లాడేది. "ఆడది ఓటుకి పోతే ఇంట్లో నా గతేంటి? ఓటుకి రెండు నిమిషాలే. నా కళ్లజోడు వెతికిపెట్టడానికి మా ఆవిడకి అరగంట పడుతుంది!"

అమ్మ మాత్రం ఒక్క సభకూ రాలేదు. "నీ పిచ్చికి నా భర్త కోటు పాడవుతోంది కెజియా" అని సణిగేది.

ఒకసారి సంత మైదానంలో అత్త మాట్లాడటానికి పెట్టె ఎక్కగానే, షెడ్డు మొహం చూడని దుకాణాలవాళ్లు తిండి డబ్బాలు పట్టుకొచ్చి మోత మొదలెట్టారు. అత్త అరవలేదు. పెదాలతోనే మాట్లాడింది. మైదానంలోని నేతగత్తెలంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. డబ్బాలు ఒక్కొక్కటిగా ఆగాయి.

"ఏమందే?" అని ఒకాయన నేతగత్తె అయిన తన పెళ్లాన్ని గద్దించాడు.

"డబ్బా సొట్ట పోనివ్వకండి, ఇంట్లో రెండోది ఎక్కడుందో మీకు తెలీదు అంటోంది."

పంతొమ్మిది వందల పద్దెనిమిదిలో, ముప్ఫై దాటి సొంత కాపురమో, సొంత సామానున్న గదో ఉన్న ఆడవాళ్లకు ఓటొచ్చింది. మా అమ్మకు వచ్చింది. మా ఇంట్లోనే, మా సామానున్న గదిలో అద్దెకున్న అత్తకు రాలేదు.

"మంచం వదినది, బల్ల వదినది. దిండొక్కటే నాది. దిండుకి ఓటివ్వరట" అని నవ్వింది. నవ్వాక కిటికీ వైపు తిరిగి చాలాసేపు నిలబడింది. ఆ ఓటు ఆమెకు ఎంత కావాలో అప్పుడు తెలిసింది నాకు.

ప్రతి ఎన్నికకూ అమ్మను ఓట్లు వేసే బడి గుమ్మందాకా దిగబెట్టి, గొడుగు పట్టుకుని వానలో నిలబడేది.

"లోపల ఎలా ఉంటుంది వదినా?"

"ఏముంది, గుర్తు పెట్టే పెన్సిలుకి దారం కట్టి ఉంటుంది."

"చెక్కి ఉంటుందా, మొద్దుగా ఉంటుందా?"

"చూడలేదమ్మా, నీ చాదస్తం!"

పదేళ్లకు చట్టం మారింది. అందరికీ ఓటన్నారు. అత్త కొత్త టోపీ కొనుక్కుంది. మరుసటేడు మే నెలలో ఎన్నిక. మార్చిలో ఆమె ఊపిరితిత్తులు మొరాయించాయి. శవపెట్టెలో తల కింద ఆమె దిండే పెట్టింది అమ్మ.

ఎన్నిక రోజు బడిలో గుమస్తా ఓటర్ల జాబితా చూశాడు. నా పేరుకు పైనే ఆమె పేరుంది.

"కెజియా ఆష్‌వర్త్ గారు రాలేదా?"

నేను అమ్మ వైపు తిరిగాను. పెదాలతోనే అన్నాను. పక్కనున్న అమ్మ నా పెదాలు చదివి ఫక్కున నవ్వి, ఆ నవ్వులోనే ఏడ్చేసింది.

"ఏమన్నారండీ?" అన్నాడు గుమస్తా.

"సొంత దిండు మీద పడుకుందట, లేవనంటోందట" అంది అమ్మ కళ్లు తుడుచుకుంటూ. "ఓటు కాగితం ఇవ్వు బాబూ."

లోపలికెళ్లి ముందు పెన్సిలు చూశాను. చెక్కే ఉంది. ఇంటికెళ్లి ఎవరికి చెప్పాలి?