సత్తిబాబు చెప్పమన్న మాట

ఈ మాట ఇన్నేళ్లుగా గుండెల మీద బండలా ఉంది. కట్టుకున్న మనిషికి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

సైన్యంలో రేడియో ఆపరేటరుగా చేశాను. కొండల మీద యుద్ధం జరిగినప్పుడు మా జనరల్ గారి పక్కనే నా సెట్టు. అప్పుడు శత్రువుకి చేజారిన ఒక కాపలా పోస్టు గురించి ఆయన్ని ఇప్పటికీ టీవీల్లో తిట్టిపోస్తారు. ముందుకెళ్లి చూడలేదని, మ్యాపు మీదే యుద్ధం నడిపాడని, ఎవరి మాటా వినలేదని. అన్నీ నిజాలే. చెడ్డ కబురు తెచ్చినవాడి మీదే ఆయన విరుచుకుపడేవారు. ఆ ఉదయమే, ఉన్న పరిస్థితి చెప్పినందుకు ఒక కెప్టెన్‌ని పిరికివాడని అందరి ముందూ కడిగేసి పంపేశారు. నేను చూశాను.

ఆ పోస్టులో రేడియో దగ్గర ఉన్నది సత్తిబాబు. మాది ముక్తేశ్వరం, అతనిది తాటిపాక. మధ్యాహ్నం అతని గొంతు వినబడింది. రూలు ప్రకారం మాట్లాడాల్సిన హిందీ వదిలేసి తెలుగులోకి దిగాడు.

“అన్నయ్యగారూ, పొద్దుగూకేదాకా నిలబడలేవండి. మనుషుల్ని పంపమనండి, లేదంటే మమ్మల్ని వెనక్కొచ్చెయ్యమనండి. మా సాబు చెప్పమన్నారండి. పెద్దాయనకి ఇలాగే చెప్పాలండి, ఆయ్.”

“ఇప్పుడే చెప్తాను సత్తిబాబూ.”

“మీదే భారవండి.”

మా వైపు చెడ్డ కబురు మొహాన కొట్టినట్టు చెప్పరు. మనిషి పోయినా సరే, ఫోను చేసి ‘కాస్త నలతగా ఉందండి, ఓసారి వచ్చెళ్లండి’ అంటాం. విన్నవాళ్లకి అర్థమైపోతుంది, బయల్దేరిపోతారు. జనరల్ గారి ముందు నిలబడి, హిందీలో, నేను ఆ మర్యాదే పాటించాను. పోస్టులో కాస్త ఇబ్బందిగా ఉందట సార్ అన్నాను. ఆయన తలెత్తి చూశారు. ఉదయం ఆ కెప్టెన్‌ని చూసిన చూపే అది. చూసుకుంటామంటున్నారు సార్, అని కలిపాను.

ఆ మాట ఎవరన్నారు? సత్తిబాబు అనలేదు. నేనే అన్నాను. ఆయన తలూపి మళ్లీ మ్యాపు మీదికి వంగారు. సాయంత్రానికి పోస్టు పోయింది. అక్కడివాళ్లలో ఒక్కరూ తిరిగి రాలేదు.

తర్వాత విచారణ జరిగింది. చూసుకుంటారనే తనకు చెప్పారని జనరల్ గారు అన్నారు. ఉన్నదున్నట్టే చెప్పానని నేనన్నాను. ఆయన పొగరు తెలిసినవాళ్లంతా నన్నే నమ్మారు.

నిజం చెబితే మనుషుల్ని పంపేవారా? ఆ కెప్టెన్‌ని తిట్టి పంపేసినట్టే నన్నూ పంపేసేవారేమో. ఈ ‘ఏమో’ని పట్టుకునే ఇన్నేళ్లూ నెట్టుకొచ్చాను. కానీ పంపాలో వద్దో తేల్చుకోవాల్సింది ఆయన, ఆ అవకాశమే నేను ఆయనకి ఇవ్వలేదు. ఆయన తప్పులు ఆయనవే. వాటి చాటున నేను దాక్కున్నాను. అంత పెద్ద చాటు ఎవరికి దొరుకుతుంది?

మొన్న తాటిపాకలో సత్తిబాబు విగ్రహం పెట్టి, జనరల్ గారి తప్పుల గురించి నన్ను మాట్లాడమన్నారు. మాట్లాడాను. బాగానే మాట్లాడాను, చప్పట్లు కొట్టారు. స్టేజీ దిగాక సత్తిబాబు భార్య వెంకటలక్ష్మి గారు దగ్గరికొచ్చి, ఆఖరున ఆయన ఏమన్నారని అడిగారు. ధైర్యంగానే ఉన్నామన్నాడమ్మా అన్నాను. మళ్లీ అదే మర్యాద. ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుని నాకు దణ్ణం పెట్టారు. సిగ్గుతో చచ్చిపోయాను.

రేపు ఆవిడ ఇంటికి వెళ్తాను. తలుపు మొహాన వేసినా వేస్తారు. క్షమించమని అడగను, అడిగే మొహం నాకు లేదు. అంతకంటే ముందు, మీ దగ్గరైనా ఒకసారి నోరు విప్పాలి.

పొద్దుగూకేదాకా వాళ్లు నిలబడలేరు సార్. మనుషుల్ని పంపండి. లేదంటే వాళ్లని వెనక్కి వచ్చెయ్యమనండి.

సత్తిబాబు చెప్పమన్నది ఇదే.